130 మీటర్లు దూకినవాడు కింద, 127 దూకినవాడు పైన: స్కీ జంపింగ్‌లో ఈ లెక్కేంటి?

అడిగినవారు: కొత్త_ప్రేక్షకుడు

సెలవులు కదా అని రెండు రోజులుగా నార్డిక్ స్కీ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పాత రికార్డింగులు చూస్తున్నాను. స్కీ జంపింగ్ గురించి నా బుర్రలో ఉన్నది ఒకటే: ఎవడు ఎక్కువ దూరం పోతే వాడు గెలిచినట్టు. లాంగ్ జంప్‌కి స్కీలు తగిలించారు, అంతే అనుకున్నా. చూసేకొద్దీ తల తిరుగుతోంది.

ఒకతను 130 మీటర్ల దగ్గర దిగాడు. టీవీలో వేసే ఆకుపచ్చ గీత కూడా దాటేశాడు. జనం ఊగిపోయారు. తీరా స్కోరు పడ్డాక చూస్తే 127 దూకినవాడి కింద ఉన్నాడు. ఇంకొకడి పేరు పక్కన ఊరికే ప్లస్ పాయింట్లు, ఆ తర్వాతవాడికి మైనస్. 2019లో మొదటి రౌండ్‌లో 27వ స్థానంలో ఉన్న మనిషి చివరికి బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. 2025 ట్రోండ్‌హైమ్‌లో రెండో స్థానం వచ్చినతన్ని ఫలితాల్లోంచే తీసేశారు.

మా అన్నయ్య పక్కనుంచి "అంతా ఫిక్సింగ్‌రా" అని తేల్చేశాడు. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు, కానీ కాదని చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. రూల్ బుక్ చదువుకోమని మాత్రం అనకండి, చదివాను, ఉన్న కాస్తా పోయింది.

జవాబు 1: ఊరికే_చూస్తా

గాలి బ్రో, గాలి. మిగతాది జడ్జిల దయ.

జవాబు 2: తడిసిన_టోపీ

పై బ్రో చెప్పింది తప్పు కాదు గానీ సగమే చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఈ ఆట పిచ్చి చాలా ఏళ్లుగా ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపికుంటే చదవండి. ఫిక్సింగ్ కాదు. అలాగని నూటికి నూరు పాళ్లు న్యాయం అని కూడా నేను ఒట్టు వెయ్యను. ఎందుకో చివర్లో చెప్తా.

మీ 130, 127 లెక్క ముందు తేల్చేద్దాం. ప్రతి కొండకీ కె-పాయింట్ అని ఒక గీత ఉంటుంది. సరిగ్గా అక్కడ దిగితే 60 పాయింట్లు. పెద్ద కొండ మీద ఆపైన ప్రతి మీటరుకీ 1.8 కలుస్తుంది, తగ్గితే అంతే పోతుంది. మీరు చూసిన కొండ కె-పాయింట్ 120 అనుకోండి. 130 దూకినవాడికి 78, 127 దూకినవాడికి 72.6. తేడా 5.4.

ఇప్పుడు జడ్జిలు. ఐదుగురు, ఒక్కొక్కరి చేతిలో 20 మార్కులు. అందరికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మధ్య మూడూ కూడతారు. వాళ్లు చూసేది గాల్లో నిలకడ, దిగే తీరు, దిగాక ఆగేదాకా తూలకుండా పోవడం. దిగేటప్పుడు ఒక పాదం ముందుకి, ఒకటి వెనక్కి, మోకాళ్లు వంచి, చేతులు బార్లా చాపి దిగాలి. దాన్నే టెలిమార్క్ అంటారు. మీవాడు మరీ దూరం వెళ్లిపోయాడు. అంత కిందికి వెళ్లేసరికి వాలు తగ్గి చదునవుతుంది, మోకాళ్ల మీద బరువు పడుతుంది, కాళ్లు విడదీసి దిగడం కష్టం. రెండు కాళ్లూ కలిపి ధబ్‌మని దిగి ఉంటాడు. ఒక్కో జడ్జీ రెండేసి మార్కులు కోశాడనుకోండి, లెక్కలోకొచ్చే ముగ్గురివీ కలిపి ఆరు. 5.4 సంపాదించి 6 పోగొట్టుకున్నాడు. అయిపోయింది కథ. ఆ ఆకుపచ్చ గీత ముందున్నవాణ్ణి దాటడానికి ఎంత దూరం కావాలో చూపిస్తుంది, అంతేగానీ వీడు ఎలా దిగుతాడో దానికి ముందే ఎలా తెలుస్తుంది?

ప్లస్సులు, మైనస్సులు గాలివి, గేటువి. గేటంటే పైన కూర్చుని బయల్దేరే చోటు. ఇక్కడ కొత్తవాళ్లందరూ ఒకచోట బోల్తా పడతారు. వెనక నుంచి గాలి తోస్తే మంచిదే కదా అనుకుంటారు. కాదు. పెద్ద కొండ మీద గంటకి 90 కిలోమీటర్ల దరిదాపు వేగంతో వస్తారు, దూకే బల్ల పైకి కాదు, సుమారు 11 డిగ్రీలు కిందికే వంగి ఉంటుంది. అక్కణ్ణించి మనిషి దూకేది కాదు, గాలి మీద పడుకునేది. గాలిపటం ఎగరేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఎదురుగాలి ఉంటేనే లేస్తుంది. కాబట్టి ఎదురుగాలి దొరికినవాడికి పాయింట్లు తీసేస్తారు, వెనకగాలి తగిలినవాడికి ఇస్తారు. ఎదురుగాలి మరీ ఎక్కువైతే కొండ చివరిదాకా ఎగిరిపోయి ప్రమాదం, అందుకని కూర్చునే గేటు కిందికి దించుతారు. వేగం తగ్గుతుంది, దానికీ పాయింట్లు కలుపుతారు. 2009 వేసవి పోటీల్లో ఈ పద్ధతి మొదట వాడి చూశారు. అంతకు ముందు గాలి మారితే రౌండ్ మొత్తం రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి దూకించేవాళ్లు, చూసేవాడికి ప్రాణం విసిగేది.

ఇక ఆ 27వ స్థానం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. 2019 మార్చి 1, ఆస్ట్రియాలో జేఫెల్డ్, నార్మల్ హిల్, అంటే చిన్న కొండ. నేను జపాన్ ర్యోయు కొబయాషి మనిషిని. ఆ చలికాలం ఫోర్ హిల్స్ అనే నాలుగు పోటీల టోర్నీలో నాలుగుకి నాలుగూ గెలిచిన కుర్రాడు. మొదటి రౌండ్ అయ్యేసరికి అతనే ముందున్నాడు. నా పక్కన తెలియని ముసలాయన భుజం తట్టి అభినందనలు కూడా చెప్పాడు, నేనే దూకినట్టు.

రెండో రౌండ్‌కి 30 మందే ఉంటారు, వెనక నుంచి ముందుకి దూకిస్తారు. 30వ స్థానంవాడు మొదట, ముందున్నవాడు ఆఖర్న. పోలండ్ డావిడ్ కుబాట్స్కి 27వ వాడు కాబట్టి నాలుగో వంతు. చక్కగా దూకాడు. దూకి, కింద ముందున్నవాడు నిలబడే చోట నిలబడ్డాడు. తడి మంచు పడటం మొదలైతే ఇంక ఆగలేదు. నా టోపీ పిండితే నీళ్లు కారుతున్నాయి. పైన స్కీలు జారే దారి అంటే ఐసులో చెక్కిన రెండు గాడులు. బ్లోయర్లు పట్టుకున్న కుర్రాళ్లు ఆ గాడుల్లో మంచు ఊదేస్తుంటే, వాళ్లు పక్కకి తప్పుకునే లోపే మళ్లీ కప్పేస్తోంది. ఒకడు వస్తాడు, దూరం చాలదు. ఇంకొకడు వస్తాడు, చాలదు. అలా 26 మంది దూకారు, కుబాట్స్కి కదల్లేదు. అతని దేశంవాడే కమిల్ స్తోఖ్ 18వ స్థానం నుంచి వెండికి వచ్చాడు. నా కొబయాషి ఆఖర్న దూకి 14వ స్థానంలో తేలాడు. ముసలాయన ఈసారి భుజం తట్టలేదు.

గాలికి పాయింట్లు ఇస్తారు, గేటుకి ఇస్తారు. గాడిలో పేరుకున్న మంచుకి ఎవరూ ఏమీ ఇవ్వరు. గాలిని కొలవడానికి కొండ వారగా పరికరాలు ఉన్నాయి, ఆ మంచుని పాయింట్లుగా మార్చే లెక్క లేదు. నేను ఒట్టు వెయ్యననింది అందుకే. అలాగని కుబాట్స్కి తప్పేమీ లేదు, మొదటి రౌండ్‌లో అతనికి ఏది కలిసిరాలేదో అది రెండో రౌండ్‌లో మిగతావాళ్లకి కలిసిరాలేదు. ఇంత చెప్తున్నా గానీ నాకు ఇప్పటికీ మంటే.

జవాబు 3: సూది_దారం

ట్రోండ్‌హైమ్ సంగతి నేను చెప్తాను. నాకు ఆట కన్నా ఆ డ్రస్సుల మీద ఎక్కువ ధ్యాస, ఎందుకంటే నాది కుట్టుపని.

2025 మార్చి 8, మగవాళ్ల లార్జ్ హిల్, అంటే పెద్ద కొండ. నార్వేవాళ్ల సొంత గడ్డ. మారియుస్ లిండ్విక్ రెండోవాడుగా వచ్చాడు. తర్వాత అతన్నీ, జట్టులోనే ఉన్న యోహాన్ ఆండ్రే ఫొర్ఫాంగ్‌నీ డ్రస్సు కారణంగా తీసేశారు. గెలిచింది స్లొవేనియా డొమెన్ ప్రెవ్‌ట్స్, అతని స్థానం మారలేదు. వెండి ఆస్ట్రియా యాన్ హర్ల్‌కి, కంచు పై అన్నగారి కొబయాషికి దక్కాయి, కాబట్టి ఆయన మంట కాస్త చల్లారి ఉండాలి. అంతకు ముందు నార్మల్ హిల్‌లో లిండ్విక్ గెలిచిన బంగారం అతని దగ్గరే ఉంది.

నార్వే జట్టువాళ్లు డ్రస్సులు సరిచేస్తుంటే కర్టెన్ వెనక నుంచి ఎవరో వీడియో తీసి బయటపెట్టారు. ఆ డ్రస్సుల్లో ముందే చిప్ ఉంటుంది, తనిఖీ అయిన డ్రస్సునే వేసుకున్నారని తెలియడానికి. కానీ చిప్‌కి దారం తెలియదు కదా! కాళ్లు కలిసే చోట గట్టి దారం పెట్టి కుట్టారు. మామూలుగా ఆ గుడ్డ మెత్తగా ముడుచుకుంటుంది. గాల్లో వీళ్లు కాళ్లు ఎడంగా పెడతారు చూడండి, ఆ సందులో గుడ్డ బిగువుగా నిలబడిందంటే అదనంగా చిన్న రెక్క తగిలినట్టే. మనం కాలర్ నిలబడ్డానికి లోపల బక్రం వేస్తామే, అదే తెలివి. టేపు పెట్టి కొలిస్తే కొలత సరిగ్గానే ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. తనిఖీవాళ్లు కుట్లు విప్పితే గానీ బయటపడలేదు. ఒకసారి వేసిన కుట్టు విప్పి మళ్లీ వేస్తే గుడ్డ మీద సూది బెజ్జాలు మిగులుతాయి, అనుభవం ఉన్న కంటికి అది చాలు. చేసినవాడికి ఆ మాత్రం తెలియదా అని నాకు ఆశ్చర్యం. కోపం కన్నా ముందు ఆశ్చర్యమే వచ్చింది, నిజం చెప్పాలంటే.

ఇలాంటిది కొత్తేమీ కాదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో ఒక్కరోజే ఐదుగురు అమ్మాయిల్ని డ్రస్సు కొలతల మీద తీసేశారు. జపాన్ సారా తకనాషి అక్కడే ఏడ్చేసింది. ఆ ఐదుగురిదీ ట్రోండ్‌హైమ్‌దీ ఒక గాటన కట్టకండి. కొలత తేడా రావడం వేరు, రాత్రికి రాత్రి కుట్టి దాచడం వేరు.

జవాబు 4: లిబెరెట్స్_2009

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో వాళ్లకి పోటీ పెట్టిందే 2009లో, చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్‌లో. అమెరికా అమ్మాయి లిండ్సీ వాన్ గెలిచింది. మరుసటి ఏడాది వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆమెకి చోటు లేదు, అమ్మాయిల పోటీయే పెట్టలేదు. ఆ ఒలింపిక్స్ కోసం కట్టిన నార్మల్ హిల్ మీద మగవాళ్లతో కలిపి చూసినా ఒకప్పుడు రికార్డు ఆమెదే! ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2014 సోచీలో. ట్రోండ్‌హైమ్‌లో నికా ప్రెవ్‌ట్స్ నార్మల్, లార్జ్ రెండు బంగారాలూ కొట్టింది, పైన చెప్పిన డొమెన్ చెల్లెలే. రికార్డింగుల్లో అవీ చూడండి, ఆ మనిషి దిగే తీరు ముచ్చటేస్తుంది.

కొత్త_ప్రేక్షకుడు (అడిగినవారు)

అందరికీ చాలా థాంక్స్. 5.4, 6 లెక్క కాగితం మీద వేసి అన్నయ్య ముందు పెట్టా. కాసేపు చూసి కొత్త పేచీ మొదలెట్టాడు: "దూరం కొలతతో తేలుతుంది, గాలి మిషన్‌తో తేలుతుంది, మధ్యలో ఈ అందం మార్కులెందుకు? పీకెయ్యొచ్చుగా?" తడిసిన_టోపీ గారూ, దీనికేమంటారు?

తడిసిన_టోపీ

మీ అన్నయ్య మంచి చోటే పట్టుకున్నాడు. స్వీడన్ యాన్ బొక్లోవ్ అని ఒకాయన 1980ల్లో స్కీల ముందు కొనలు రెండూ విడదీసి దూకడం మొదలెట్టాడు. అప్పటిదాకా స్కీలు రెండూ జంటగా ఉండటమే అందం. జడ్జిలు ఆయనకి వరసగా మార్కులు కోశారు. ఆ కోతలన్నీ భరించి కూడా 1988–89 వరల్డ్ కప్ ఎత్తుకుపోయాడు, ఎందుకంటే అలా దూకితే గాలి ఎక్కువ పట్టి అంత దూరం పోయేవాడు. ఇప్పుడు మీరు చూసే ప్రతివాడూ ఆ వి ఆకారంలోనే దూకుతాడు. కాబట్టి అందం విషయంలో జడ్జిలు ఒకసారి పూర్తిగా బోల్తా పడ్డారు, ఒప్పుకుంటా.

అయినా దిగేటప్పటి మార్కులు ఉండాలనే నా పట్టు. అవి లేకపోతే మోకాళ్లు పోయినా సరే ఇంకో మీటరు లాగుదామని చూస్తారు. గాల్లో ఉన్నంతసేపటి మార్కుల గురించైతే మీ అన్నయ్యతో పెద్దగా పోట్లాడను.

ఒక పని చెయ్యండి. ఆ జేఫెల్డ్ రెండో రౌండ్ ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. దూరం వదిలేసి, ప్రతివాడూ బల్ల మీది నుంచి లేచేటప్పుడు మూల పడే వేగం అంకె రాసుకోండి, అది కనిపించిన చోటల్లా. రౌండ్ మొదట్లో దూకినవాళ్లవీ ఆఖర్న దూకినవాళ్లవీ పక్కపక్కన పెట్టి చూడండి. కొబయాషి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకేమీ చెప్పకండి.

కొత్త_ప్రేక్షకుడు (అడిగినవారు)

రాయడం మొదలెట్టాం. ఎనిమిది మంది అయ్యారు. పెన్ను అన్నయ్య చేతిలోనే ఉంది.