అప్‌డేట్: అనాటమీ పాసయ్యాను, కిడ్నీలోని హెన్లీ లూప్ మిగిలింది

మూడు నెలల కిందట అడిగాను: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) ఫస్టియర్, ఇంటర్ దాకా తెలుగు మీడియం, అనాటమీ ఫిజియాలజీ ఇంటర్నల్‌లో ఫెయిల్, మానేయాలా అని. మానేయలేదు. మొన్నటి ఇంటర్నల్ పాసయ్యాను!

"ముందు పని అర్థం చేసుకో, పేరు తర్వాత" అని అప్పుడు జవాబిచ్చిన ఒక అక్క చెప్పిన మాటే పట్టుకున్నాను. ముగ్గుపిండితో వాకిట్లో గుండెకు నాలుగు గదులు గీసి, రక్తం వెళ్లే దారిలో నేనే నడిచాను. కుడి కర్ణిక (పై గది), ట్రైకస్పిడ్ కవాటం, కుడి జఠరిక (కింది గది), పుపుస ధమని (ఊపిరితిత్తులకు వెళ్లేది), ఊపిరితిత్తులు, తిరిగి ఎడమ కర్ణిక, మైట్రల్ కవాటం, ఎడమ జఠరిక, బృహద్ధమని. ధమని అంటే మంచి రక్తం అని బట్టీపట్టడం వల్లే తప్పు రాశానని అప్పుడు తెలిసింది. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ఏదైనా ధమనే. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే ఉంటుంది.

ఎముకలు అమ్మ చేతిని తడిమి నేర్చుకున్నాను. వార్డులో ఒక పెద్దాయన మణికట్టు మీద, బొటనవేలి వైపు రేడియల్ నాడి మొదటిసారి వేళ్లకు తగిలినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కిడ్నీ అంటే ఇంకా టెన్షనే. రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసినా మూత్రం ఒకటిన్నర లీటరు దాకానే ఎందుకు వస్తుందో అర్థమైంది, మిగతాదంతా కిడ్నీలోని సన్నని గొట్టాలు, అంటే నాళికలు, తిరిగి పీల్చుకుంటాయి. ఆ నాళికలో U ఆకారంలో వంగే భాగమైన హెన్లీ లూప్ మాత్రం అంతు చిక్కడం లేదు. తేలిగ్గా గుర్తుండే దారి తెలిస్తే చెప్పండి.