మోకాలి గుజ్జు అరిగినవారు నడక మానాలా, కొనసాగించాలా?

మా అమ్మగారికి 62 ఏళ్లు. చిక్కడపల్లిలో లిఫ్టు లేని ఇంటి మూడో అంతస్తులో ఉంటాం. రెండు నెలలుగా ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతున్నారు. కుడి మోకాలు వంచినప్పుడు పైన చెయ్యి వేస్తే లోపలి కిరకిర నాకూ తెలుస్తోంది. ఎక్స్‌రే చూసిన వైద్యుడు గుజ్జు అరిగిందని ఒక్క ముక్కలో చెప్పి మాత్రలు రాశారు.

నేను చదివినంతలో, ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థికి (గుజ్జు అని మనం అనేది దీన్నే) రక్తనాళాలు లేవు కనుక కీలులోని జిగట ద్రవమే దానికి పోషణ. స్పాంజిని నొక్కి వదిలినట్టు కీలు బరువు మోస్తూ, కదులుతూ ఉంటేనే ఆ ద్రవం లోపలికి ఇంకుతుంది. అందుకే, "నడిస్తే ఇంకా అరుగుతుంది" అన్న బంధువుల సలహా (మా ఇంట్లో అందరూ సగం డాక్టర్లే) నాకు తలకిందులుగా తోస్తోంది. పైగా కదలిక తగ్గితే తొడ కండరాలు బలహీనపడి, ఆ భారమూ మోకాలిమీదే పడుతుంది కదా.

ఫిజియోథెరపీ తెలిసినవారు, ఈ బాధ అనుభవించినవారు దయచేసి చెప్పండి: ఇందిరా పార్కులో ఆవిడ ఉదయపు నడకను సాగనిచ్చి, మెట్లు ఎక్కి దిగడం, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం తగ్గిస్తే సరిపోతుందా? నడిచాక నొప్పి ఎంతసేపు నిలిస్తే నడక ఎక్కువైందని అనుకోవాలి? తొడ కండరాలకు కుర్చీలో కూర్చునే చేయగల వ్యాయామాలు ఏవి?