హౌస్‌స్టెడ్స్ రోమన్ కోట: ఆ రాయంతా ఎటు పోయింది?

ప్రశ్న (ఎర్రగుంట్ల, కడప జిల్లా)

నలభై ఏళ్లుగా నాపరాయి పని చేస్తున్నాను. మా అమ్మాయి కాపురం ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో. మొన్న వేసవిలో అల్లుడు నన్ను రోమన్లు కట్టిన పాత సరిహద్దు గోడ, హేడ్రియన్ గోడ వెంబడి ఉన్న హౌస్‌స్టెడ్స్ కోటకు తీసుకెళ్లాడు. అందరూ సైనికుల మరుగుదొడ్ల దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే నేను ధాన్యపు కొట్టు దగ్గరే నిలబడిపోయాను. నేలంతా పొట్టి రాతి స్తంభాలు, వరుసలు వరుసలుగా. వాటి మీద నేల పరిచేవారట. గండికోట ధాన్యాగారం చిన్నప్పటి నుంచి ఎరుగుదును, అక్కడ ఇలాంటివి చూసిన గుర్తు లేదు. ఎందుకలా కట్టారు?

ఇంకొకటి. చాలా గోడలు నడుము ఎత్తుకు మించి లేవు. అంత చక్కగా చెక్కిన రాయి ఏమైంది? మళ్లీ ఎందుకు నిలబెట్టరు? చూస్తుంటే నా చేతులు ఊరుకోలేదు.

జవాబు 1 (కర్నూలు)

అన్నా, ఆ స్తంభాలు గాలి కోసం. నేల కింది భాగంలో గోడలకు కంతలు కూడా వదిలేవారు. అది వాన, చలి ప్రదేశం. గింజకు చెమ్మ తగిలితే కోటలోని సుమారు 800 మంది సైనికులు పస్తులే. వారు రోము నగరంవారు కాదు, నేటి బెల్జియం వైపు నుంచి వచ్చిన టుంగ్రియన్ సహాయక దళం. అలాంటి దళాల్లో 25 ఏళ్లు కొలువు చేస్తేనే రోమన్ పౌరసత్వం దక్కేది.

రాయి ఊళ్లలోకి పోయింది. పొలం గట్లకు, ఇళ్లకు మోసుకెళ్లారు. 18వ శతాబ్దంలో సైన్యం కోసం వేసిన రోడ్డులోనూ హేడ్రియన్ గోడ రాయి చాలా కలిసిపోయింది. 1838లో జాన్ క్లేటన్ అనే ఆయన ఈ కోట ఉన్న భూమిని కొన్నారు. ఆయన పుణ్యాన మిగిలిందే మీరు చూసింది.

జవాబు 2 (అనంతపురం)

నిలబెట్టిన చోట్లూ ఉన్నాయి. ఇంగ్లండులోనే సౌత్ షీల్డ్స్ అనే ఊళ్లో రోమన్ కోట ద్వారాన్ని పాత పునాదుల మీదే 1980లలో కట్టారు. జర్మనీలో జాల్‌బుర్గ్ కోటనైతే ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే దాదాపుగా తిరిగి లేపారు. కానీ పైకప్పు ఎంత ఎత్తుండేదో, పై అంతస్తు ఎలా ఉండేదో ఊహించి కట్టాల్సిందే. ఊహ తప్పితే అసలు ఆనవాలు దాని కిందే పడిపోతుంది. ఒకే గోడలో వేర్వేరు కాలాల మార్పులు ఉంటాయి, వాటిలో దేన్ని నిలబెడతాం?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ నమస్కారం. కంతల సంగతి నాకు తట్టలేదు. ఆ స్తంభాల మధ్య ఎంత ఎడముందో, ఒక్కో పలక ఎంత పొడవు పడుతుందో కొలిచి పంపమని అల్లుడికి ఇప్పుడే ఫోను చేశాను. కంచె దాటకుండా, రాయిని తాకకుండా కొలవమన్నాను.