పద్దెనిమిది నిండితే పిల్లల వార్డు తలుపు మూసేయాల్సిందేనా?

పగటినిద్ర: పిల్లల వార్డులో నర్సుని. పుట్టుకతో గుండె లోపం, టైప్ 1 షుగర్, కిడ్నీ మార్పిడి... ఇలాంటి పిల్లల్ని చాలాచోట్ల 18 రాగానే పెద్దల విభాగానికి పంపేస్తారు. ఒక ఫైలు, ఒక రిఫరల్ కాగితం, "ఇకనుంచి అక్కడ చూపించుకో నాన్నా" అని ఒక మాట. నన్నడిగితే ఇది సాగనంపడం కూడా కాదు, వదిలించుకోవడం. సెసిలీ బెట్జ్ లాంటి నర్సింగ్ పరిశోధకులు ఈ దాటింపు మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. నర్సు దగ్గరుండి నడిపిస్తూ, కొన్నేళ్ల ముందే మొదలుపెట్టాల్సిన పని ఇది. వయసు చూసి కాదు, పిల్లలు సిద్ధమయ్యారో లేదో చూసి పంపాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

అంకెలమనిషి: నేను కాదంటాను. సిద్ధమయ్యారని తేల్చేదెవరు? ట్రాక్ అని ఒక ప్రశ్నావళి ఉంది, "మందులు నేనే తెచ్చుకుంటాను" లాంటివాటికి జవాబిచ్చేది ఆ పిల్లలే. పదహారేళ్లవాడు "నాకు రాదు" అని రాస్తాడా? గడువు లేకపోతే ఇరవై అయిదొచ్చినా అమ్మ చెయ్యి పట్టుకునే వస్తారు. గర్భం, మద్యం, ఉద్యోగంలో షిఫ్టులు, వీటి గురించి బొమ్మలు అతికించిన గదిలో అడగగలరా?

పగటినిద్ర: బొమ్మల సంగతి ఒప్పుకుంటా. కానీ 2000లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం చూడండి. పిల్లల యూనిట్ నుంచి పెద్దల యూనిట్‌కి మారిన 20 మంది కిడ్నీ మార్పిడి రోగుల్లో 8 మందికి మూడేళ్లలోపే ఆ కిడ్నీ పోయింది.

అంకెలమనిషి: ఇరవై మందే కదండీ. పోల్చి చూడటానికి, మారకుండా ఉండిపోయిన జట్టేదీ? ఆ వయసే ప్రమాదం. 17 నుంచి 24 మధ్య మార్పిడి కిడ్నీ పోయే ముప్పు ఎక్కువని పెద్ద లెక్కల్లోనూ తేలింది. తప్పంతా ఆసుపత్రి మారడం మీదికి నెట్టకండి.

ఫైలుమోసేఅమ్మ: మీ లెక్కలు నాకు తెలియవు. మావాడికి ఆరో ఏట షుగర్ వచ్చింది. పన్నెండేళ్లు డోసు నేనే చూశాను. పెద్దల క్లినిక్‌లో మొదటిరోజు డాక్టరుగారు "రాత్రి ఎన్ని యూనిట్లు?" అనడిగితే వాడు నా మొహం చూశాడు. నేను చెప్పబోతే "మిమ్మల్ని కాదమ్మా" అన్నారు. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లానన్నాడు, వెళ్లలేదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెన్నులు తరగకపోతే గానీ నాకు అనుమానం రాలేదు. వాణ్ణి తిట్టాలా, నన్ను నేను తిట్టుకోవాలా?

పగటినిద్ర: ఎవర్నీ వద్దమ్మా. రెండో అపాయింట్‌మెంట్‌కి రాలేదని ఒక్కరు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. పాత డాక్టరు పంపేశాననుకుంటారు, కొత్త డాక్టరు ఇంకా తన రోగి కాదనుకుంటారు. బ్రిటన్‌లో వైద్యం ఎలా చేయాలో సూచించే నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికే మందుంది: 13, 14 ఏళ్లకే మొదలుపెట్టాలి, ఫలానా మనిషిదే బాధ్యత అని పేరు పెట్టాలి, మారడానికి ఆరు నెలల ముందూ మారాక ఆరు నెలలూ కనీసం ఆ మనిషి వెంట ఉండాలి. ఇది చేస్తే 18 అయినా 20 అయినా నాకు పేచీ లేదు.

అంకెలమనిషి: అంటే మీ మొదటి వాదన మీరే వదిలేశారు :) సరే, ఆ మనిషి జీతం ఎవరిస్తారు? పిల్లల విభాగమా, పెద్దల విభాగమా? గొడవంతా అక్కడే.

పగటినిద్ర: సగం వదిలేశాను, నిజమే. జీతం ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

గుండెకుట్లు: నాకు 23. పుట్టుకతో గుండె లోపం, రెండు ఆపరేషన్లు. నాకు పద్నాలుగప్పుడు మా నర్సక్క అమ్మని పది నిమిషాలు బయట కూర్చోమంది. మొదటిసారి గోడ చూస్తూ కూర్చున్నా. మూడోసారి "నేను ఫుట్‌బాల్ ఆడితే చచ్చిపోతానా?" అనడిగా. అమ్మ ఉంటే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు.

ఫైలుమోసేఅమ్మ: మావాడికిప్పుడు పంతొమ్మిది నడుస్తోంది. ఆలస్యమైపోయిందా బాబూ?

గుండెకుట్లు: లేదు ఆంటీ. మందులు అయిపోతే షాపుకి ఫోన్ వాడితోనే చేయించండి. మీరు పక్కన కూర్చోండి, పేరు తప్పు చెప్పినా అందించకండి.

ఫైలుమోసేఅమ్మ: తప్పు చెబితే కూడానా?

గుండెకుట్లు: షాపువాడు మళ్లీ అడుగుతాడు ఆంటీ.