కాన్ఫిగర్ స్క్రిప్టు చెప్పే ‘నో’: లేదా, కాదా, కుదరలేదా?

ప్రశ్న (మాదాపూర్): మా దగ్గర కొత్తగా చేరినవారి కోసం కాన్ఫిగర్ స్క్రిప్టు (ప్రోగ్రామును మూలకోడ్ నుంచి తయారుచేసే ముందు, కావలసినవన్నీ కంప్యూటర్లో ఉన్నాయో లేదో పరీక్షించేది) ఇచ్చే సందేశాలకు తెలుగులో ఒక కరదీపిక రాస్తున్నాను. ‘జెడ్‌లిబ్ (డేటాను కుదించే లైబ్రరీ) కోసం చూస్తున్నాను... నో’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. ‘బైట్ల వరుస బిగ్ఎండియనా (సంఖ్యలో పెద్ద విలువ ఉన్న బైటు ముందు వస్తుందా)... నో’ అన్నచోటా అదే రాస్తే పక్కసీటాయన నవ్వారు. అన్నిటికీ సరిపోయే మాట ఒకటి చెబుతారా?

జవాబు: నవ్వరా మరి! అక్కడ ‘కాదు’ అనాలండీ. ఉనికిని కాదనడానికి ‘లేదు’, ఫలానాది అవునా అన్నదానికి ‘కాదు’. ‘కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేది) ఈ ఆప్షన్ తీసుకుంటుందా’ అంటే ‘తీసుకోదు’. తెలుగులో మూడు మాటలుండగా ఒక్కదానితో ఎందుకు సరిపెట్టుకోవాలి?

మరొకరి జవాబు: వ్యాకరణం సరే. జెడ్‌లిబ్ దగ్గర ‘లేదు’ అనడమే నాకు అభ్యంతరం. స్క్రిప్టు డిస్కంతా గాలించి చెప్పే మాట కాదది. కాన్‌ఫ్‌టెస్ట్.సి అని చిన్న సి ప్రోగ్రాము రాసి, దాన్ని కంపైల్ చేసి, లైబ్రరీతో లింక్ చేసి (కలిపి) చూస్తుంది. గట్టెక్కితే ‘ఎస్’, ఏ కారణంతో చతికిలబడినా ‘నో’. ఆదివారం అబిడ్స్ కాలిబాట మీద పుస్తకం అడిగితే, కట్టలు కదపకుండానే ‘లేదు’ అంటారే, అలాంటిదే ఇదీ.

ఉబుంటులో లైబ్రరీ ఉంటుంది, హెడర్ ఫైళ్లు (లైబ్రరీ ఫంక్షన్ల ప్రకటనలు) ఉండే జెడ్‌లిబ్1జి-డెవ్ ప్యాకేజీ ఉండదు, జవాబు ‘నో’. ఇది అందరికీ ఎదురయ్యేదే. అసలు తంటా పాత స్క్రిప్టులది. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్, ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్నీ, ‘ఇంట్’ లేకుండా మెయిన్ రాయడాన్నీ హెచ్చరికతో వదలకుండా తప్పుగా లెక్కగడుతుంది. మరో కంపైలర్ క్లాంగ్ 16 అంతకు ముందే, 2023లో, ఈ దారి పట్టింది. పాత స్క్రిప్టులోని పరీక్ష ప్రోగ్రామే అలా రాసి ఉంటే, తప్పు పరీక్షది, నింద లైబ్రరీది. పైగా కొన్నిసార్లు బిల్డ్ (ప్రోగ్రాము తయారీ) ఆగదు. ఆ సదుపాయం లేకుండానే చడీచప్పుడు లేకుండా పూర్తవుతుంది.

‘ఎస్’ కూడా నమ్మదగ్గది కాదు. క్లాంగ్ తనను తాను జీసీసీ 4.2.1గా చెప్పుకుంటుంది. ఆ మాట నమ్మిన స్క్రిప్టు జీసీసీకి మాత్రమే తెలిసిన ఆప్షన్లను దాని నెత్తిన పెడుతుంది.

ప్రశ్న (మాదాపూర్): అయితే ‘దొరకలేదు’ అంటే?

జవాబు: అదీ వెతికినట్టే ధ్వనిస్తుంది. నేనైతే ‘కుదరలేదు’ అంటాను. ప్రయత్నించాను, పని కాలేదు, ఎందుకో చెప్పలేదు. చదివినవారికి వెంటనే ‘ఎందుకు కుదరలేదు’ అన్న ప్రశ్న వస్తుంది, స్క్రిప్టు రాసిపెట్టే కాన్ఫిగ్.లాగ్ ఫైలు తెరుస్తారు. విఫలమైన పరీక్ష ప్రోగ్రామూ, కంపైలర్ మొరపెట్టుకున్న అసలు మాటా రెండూ అందులో ఉంటాయి. ‘లేదు’ అని రాస్తే ఉన్న లైబ్రరీనే మళ్లీ మళ్లీ ఎక్కిస్తూ కూర్చుంటారు.

ప్రశ్న (మాదాపూర్): లాగ్ తెరిచాను. హెడరే లేదు! ‘కుదరలేదు’ ఖాయం, బిగ్ఎండియన్ దగ్గర ‘కాదు’. మరి ‘సి కంపైలర్ పనిచేస్తోందా... నో’?

జవాబు: అక్కడా ‘కుదరలేదు’ అనే రాయండి. ఎల్‌డీఫ్లాగ్స్‌లో (లింక్ చేసేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో) ఒక్క అక్షరం తప్పినా ఆ సందేశం వస్తుంది. దానికే కంపైలర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించవద్దని పక్కనే ఒక ముక్క రాయండి.