టపా కట్టడం: మా తాత దినామూ చేసిన పని

నిన్న ఇక్కడ ఒకరు "టపా కట్టేశాడు" అంటే చనిపోయాడనే అర్థం ఎట్లా వచ్చిందని అడిగారు. ఆ మాట వింటే నాకు మా తాత గుర్తొస్తాడు. ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు. ఎవరైనా అట్లా అంటే "నేను దినామూ కట్టేవాణ్ణి గదరా, అందులో చావేముంది?" అనేవాడు.

ఆయనకు టపా కట్టడమంటే అచ్చంగా సంచి మూతి కట్టడమే. ఉత్తరాలు, మనియార్డరు ఫారాలు, ఆ రోజు లెక్క కాగితం లోపల వేసి, మూతికి పురికొస బిగించి, ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టేవాడు. ముద్ర పడ్డాక ఇంకో కార్డు ముక్క కూడా లోపలికి పోదు, వేసింది బయటికి రాదు. చావు అర్థం ఆ ముద్ర దగ్గరే పుట్టిందని నా ఊహ.

తమిళంలో తపాల్, కన్నడంలో టపాలు, మరాఠీలో టపాల్, మనకు తపాలా, టపా. ఉత్తరాదిన డాక్. బ్లాగులు వచ్చిన కొత్తలో మనవాళ్లు పోస్టుకు టపా అనే మాటే వాడారు, నాకు భలే సంతోషమైంది.

ఇక నన్ను బాధపెట్టే మాట ఒకటుంది. మనం జీతభత్యాలని జంటగా అంటాం. పల్లె తపాలా వాళ్లకు అందులో రెండో సగమే దక్కింది. 1854 నాటి నుంచి వచ్చిన పద్ధతిలో వీళ్లు 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్', ఊరి నోట 'ఈడీ'. ఇక్కడ ఎక్స్‌ట్రా అంటే అదనం కాదు, శాఖకు బయటివాడని. బడిపంతులో, అంగడి పెట్టుకున్నవాడో, వేరే బతుకుతెరువు ఉన్నవాణ్ణే పెట్టుకునేవాళ్లు. రోజుకు మూడు నుంచి ఐదు గంటల పని, ఆఫీసుకు చోటు కూడా తనే చూపాలి. చేతికిచ్చేది అలవెన్సు. మా జేజి ఒక్కనాడూ "జీతం" అనలేదు, "పోస్టు డబ్బులు" అనేది. మా పంచలోనే ఆఫీసు, బీరువా లేదు, చెక్కపెట్టె. ముసురు పట్టిన రోజుల్లో సంచి తడవకుండా ఆమె తన దుప్పటి కప్పేది.

1977లో సుప్రీంకోర్టు వీళ్లవి సివిల్ పోస్టులేనని, అంటే ప్రభుత్వం కింది కొలువులేనని తీర్పిచ్చింది. 2001 నిబంధనలతో పేరు 'గ్రామీణ డాక్ సేవక్' అయింది. టపా అని పిలుచుకునే ఊళ్లోకి డాక్ అనే మాట వచ్చింది గానీ, జీతం అనే మాట రాలేదు. 2018లో రోజుకు నాలుగు గంటలు పనిచేసే బ్రాంచి పోస్టుమాస్టరుకు నెలకు కనీసం 12,000 రూపాయలు చేశారు. దాన్నీ 'టైమ్ రిలేటెడ్ కంటిన్యూటీ అలవెన్స్' అనే అన్నారు.

కనిగిరి, పొదిలి, ఆత్మకూరు వైపు వాళ్లను ఒకటి అడుగుతున్నా. గజ్జెల ఈటె పట్టుకుని సంచి మోసిన రన్నరును మీ పెద్దలు ఏమని పిలిచేవాళ్లు? మా తాత "టపా మనిషి" అనేవాడు. మీ ఇళ్లలో వేరే పేరు ఉంటే కింద రాయండి.