‘డాగ్’ను కుక్క అనవచ్చా?

ఆస్ట్రేలియా నేరవార్తల్లో ‘డాగ్’ అని వస్తే తెలుగులో ‘కుక్క’ అని రాయవచ్చా అని ఒక మిత్రుడు ఇక్కడ అడిగారు. వద్దనే అంటాను. అక్కడి జైళ్లలో తోటి ఖైదీల గుట్టు అధికారులకు చేరవేసేవాడు ‘డాగ్’. ఆ పేరు పడ్డవాడికి ప్రాణభయం. మిగతావారికి దూరంగా వేరే విభాగంలో ఉంచవలసి వస్తుంది. కుక్క మనకూ తిట్టే, కాదనను. కానీ ఆ వెంటనే విశ్వాసం గుర్తుకు వస్తుంది. నమ్మినవాళ్లను పట్టించినవాడికి ఆ మాట ఎలా అతుకుతుంది?

‘షెల్ఫ్’ ఇంకా మోసం చేస్తుంది. ఫలానావాణ్ణి షెల్ఫ్ చేశారంటే అటకెక్కించారని రాసేస్తాం. అక్కడ దాని అర్థం పోలీసులకు పట్టించారని. ‘ఫిజ్‌గిగ్’ అన్నా, కుదించి ‘ఫిజ్’ అన్నా పోలీసుల వేగు. ‘డాబ్’ మాత్రం బడిపిల్లలకూ తెలిసిన మాట. టీచరు దగ్గర డాబ్ చేయడమంటే అచ్చంగా మన చాడీ చెప్పడమే. అయితే మత్తుమందులు అమ్మేవారి ఆచూకీ చెప్పండని జనాన్ని కోరే ప్రచారంలోనూ అదే మాట వాడారు. అక్కడ చాడీ పనికిరాదు, ‘సమాచారం ఇవ్వండి’ అనాలి.

వీటన్నిటికన్నా పాత మాట ఒకటుంది, ముక్కు. జేమ్స్ హార్డీ వాక్స్ అనే దొంగ న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూకాజిల్‌లో శిక్ష అనుభవిస్తూ, 1812లో, చాకిరీ లేని వేళల్లో దొంగల భాషకు పదకోశం కూర్చాడు. అది 1819లో లండన్‌లో అచ్చయింది. తోడుదొంగల మీద సాక్ష్యానికి ఒప్పుకున్నవాణ్ణి అందులో ‘నోస్’ అన్నాడు. పదకోశాన్ని అంకితమిచ్చింది ఎవరికో చూడండి: తనను అదుపులో ఉంచిన అక్కడి అధికారికి, విచారణలు జరిపేటప్పుడు పనికివస్తుందని చెప్పి మరీ! దొంగలు తమలో తాము దాచుకున్న మాటలన్నిటినీ అలా సర్కారు చేతిలో పెట్టాడు. ఆ అంకితం చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక అనువాదం సంగతి. ‘కొండెగాడు’ జైలు మాటకు తేలిక. ‘ద్రోహి’ మరీ విశాలం, దేశద్రోహం దాకా పోతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతలోని ‘గుట్టు’ను పట్టుకుంటే దారి దొరుకుతుంది. మొదటిసారి ‘డాగ్’ అని అలాగే ఉంచి, పక్కనే ‘గుట్టు అమ్ముకున్నవాడు’ అని చెప్పి, ఆపైన ‘డాగ్’ అనే వాడతాను.